మూడు ఎన్నికల మా టీచరమ్మ

టీచరమ్మ పోయిందన్న కబురు ఎమ్మిగనూరు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. నేను కచేరికి పోవడానికి చెప్పులు వేసుకుంటున్నాను. అతను వాకిట్లోనే నిలబడి, "మీ టీచరమ్మ ఈ పొద్దు తెల్లారక ముందే పోయిందంట సార్. వాళ్ళ తమ్ముడు మీకు సెప్పమన్యాడు. రేపు పొద్దున్నే మట్టి సేస్తారంట" అని, బస్సుకు ఆలస్యమవుతుందని వెళ్ళిపోయాడు. వారం కిందటే నాకు ఆమె దగ్గర నుంచి కార్డు వచ్చింది. అందులో జబ్బు సంగతి ఏమీ లేదు.

ఆదోనిలో ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు వందల్లో ఉంటారు. వాళ్ళకు గుర్తున్నవి వేరే ఉంటాయి. నేను ఆమె దగ్గర చదువుకోలేదు. తాలూకా కచేరి గుమాస్తాను. మూడు ఎన్నికల వల్లే ఆమె నాకు తెలుసు. అంతమేరకే రాయగలను.

ఆమెది కర్నూలు జిల్లా కృష్ణగిరి దగ్గర ఒక పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు. మిషను బడిలో హాస్టలులో ఉండి చదువుకుని, టీచరు ట్రైనింగు అయి, ఆదోని ఆడపిల్లల బడికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగే తీరిక మీకుంది, చేసుకునే తీరిక నాకు లేకపోయె" అనేది. పొడుగు మనిషి, వేగంగా నడిచేది. దగ్గు రాకుండా బుగ్గన శొంఠి ముక్క పెట్టుకునేది. పిల్లలు పలక మీద తప్పు రాస్తే చెరపనిచ్చేది కాదు. "తప్పును అట్లే ఉండనీ. పక్కన సరైంది రాయి. రెండూ కనపడాల" అనేది. ఎవరి పేరైనా రాసుకునేటప్పుడు, రాసినదాన్ని రెండుసార్లు పైకి చదివి, ఆ మనిషి సరేనన్నాకే తర్వాతి మాటకు పోయేది.

మొదటి ఎన్నికలు వచ్చేనాటికి ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది, మద్రాసు రాష్ట్రం కింద. అంతకుముందు ఓటనేది ఆస్తి ఉన్నవాళ్ళ సంగతి. ఇప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ఓటన్నారు. ఆ పేర్లన్నీ ఇంటింటికీ పోయి రాసుకు రావాలి. నాకు జిన్నుల పక్క పేట వచ్చింది. పత్తిలో గింజ తీసే ఆ మిల్లులను మా ఊళ్ళో జిన్నులంటారు. ఆ పేటలో మగవాళ్ళంతా, ఆడవాళ్ళలో సగం మంది వాటిల్లోనే కూలికి పోతారు. ఆడవాళ్ళతో మాట్లాడడానికి ఆడమనిషి ఉంటే మంచిదని టీచరమ్మను నాతో పంపారు.

ఆడవాళ్ళు తమ పేర్లు చెప్పడానికి పెద్దగా వెనకాడలేదు. అసలు చిక్కు మొగుడి పేరు దగ్గర వచ్చింది. జాబితాలో ఆడమనిషి పేరు పక్కన భర్త పేరు ఉండాలి. భర్త పేరు నోటితో పలికే ఆడమనిషి ఆ పేటలో ఒక్కతె కూడా లేదు. మొగవాళ్ళేమో పగలు జిన్నులో ఉంటారు. ఒకామె "కోతి రూపంలో ఉండే దేవుడు" అంటుంది. ఇంకొకామె "నెత్తిన గంగ ఉండే దేవుడు" అంటుంది. టీచరమ్మ ఒక్కొక్క పేరే చెబుతూ పోతే ఆమె తల ఊపుతుంది, లేదా అడ్డంగా తిప్పుతుంది. మధ్యాహ్నానికి మా ఇద్దరికీ అదొక ఆట అయింది.

గంగమ్మ ఇంటికి పోయేసరికి ఎండ ముదిరింది. ఆమె భోజనం వేళకు జిన్ను నుంచి ఇంటికి వచ్చి, గబగబా అన్నం వండుకుంటోంది. ఆమె కూతురు టీచరమ్మ బడిలోనే మూడో తరగతి.

"మీ ఆయన పేరేం గంగమ్మా?"

"మొగుని పేరు యాడన్నా సెప్తారా టీచరమ్మా!"

"సర్కారు కాగితమిది. చెప్పాల."

"ఉరుకుంద సామి పేరు. అంతకంటే సెప్పను" అని గంగమ్మ నవ్వి లోపలికి పోయింది. పొయ్యి మీద ఎసరు పొంగుతోంది.

ఉరుకుంద మాకు దగ్గరే. అక్కడి స్వామిని మా వైపు జనమంతా ఈరన్న అంటారు. టీచరమ్మ నా వైపు తిరిగి, "ఈరన్న అని రాయి అప్పా" అంది. రాశాను. ఆ ఒక్క ఇంటి దగ్గర ఆమె పేరు తిరిగి చదవలేదు. తిరిగి చదవలేదని నాకూ తోచలేదు.

పోలింగు నాడు ఒక బడిలో ఆడవాళ్ళకు వేరే గది పెట్టారు. తెర వెనక ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద అతని గుర్తు. చీటీ తీసుకుపోయి ఇష్టమైన పెట్టెలో వేయాలి. జాబితాలో పేరు చూసేది నేను. వేలికి సిరా పెట్టేది టీచరమ్మ. మా పైన ఒక ప్రిసైడింగు ఆఫీసరు. పక్క బెంచీ మీద అభ్యర్థుల ఏజెంట్లు.

గంగమ్మ తోటి కూలి ఆడవాళ్ళతో కలిసి వచ్చింది. తలంటుకుని, పండుగ చీర కట్టుకుని ఉంది. నేను జాబితా పైకి చదివాను. "గంగమ్మ, భర్త ఈరన్న."

ఒక ఏజెంటు లేచాడు. "ఈమె మొగుడు ఈరన్న కాదు సార్. ఆయప్ప పేరు నరసింహులు. నాకు బాగా తెల్సు. వేరే వాళ్ళ ఓటు ఏసేదానికి వచ్చింది" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఉరుకుందలో ఉన్నది నరసింహస్వామే. ఈరన్న అన్నది జనం పిలుచుకునే పేరు. గంగమ్మ సరిగానే చెప్పింది. మేం తప్పు రాశాం.

ప్రిసైడింగు ఆఫీసరు గంగమ్మను చూసి, "మీ ఆయన పేరు చెప్పమ్మా" అన్నాడు. గంగమ్మ తల వంచుకుంది. "చెప్తే తేలిపోతుంది గదా. చెప్పు" అన్నాడు మళ్ళీ. ఆమె పలకలేదు. వెనక వరుస అంతా చూస్తోంది. ఏజెంటు నవ్వాడు. పేరు చెప్పలేకపోవడమే దొంగతనానికి రుజువు అయిపోయింది. ఆఫీసరు చీటీ ఇవ్వొద్దన్నాడు.

గంగమ్మ టీచరమ్మ బల్ల దగ్గరకు వచ్చింది. "నేనెవరో నీకు తెల్సు గదా టీచరమ్మా. నువ్వు సెప్పు" అంది.

టీచరమ్మ చేతిలో సిరా పుల్ల ఉంది. ఆమె నా వైపు చూసింది. నేను జాబితా వైపు చూశాను. సర్కారు కాగితంలో తప్పు రాశామని పై అధికారి ముందు, ఏజెంట్ల ముందు ఒప్పుకోవాలి. ఇద్దరం నోరు తెరవలేదు. గంగమ్మ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. వెనకామె ముందుకు వచ్చింది. నేను ఆమె పేరు చదివాను.

రెండు నెలల తర్వాత టీచరమ్మ కచేరికి వచ్చి నన్ను బయటికి పిలిచింది. గంగమ్మ కూతురు బడికి రావడం మానేసింది. ఎందుకని అడిగితే మిగతా పిల్లలు నవ్వారట. పేటలో గంగమ్మకు "దొంగ ఓటు గంగమ్మ" అని పేరు పడిపోయింది. ఆ పిల్లను "దొంగ ఓటు కూతురు" అంటున్నారు. ఆమె అదంతా చెప్పి, "వస్తావా?" అంది. ఎక్కడికో చెప్పలేదు. నేను వెంట నడిచాను.

గంగమ్మ వాకిట్లో కసువు ఊడుస్తోంది. మమ్మల్ని చూసి ఆగలేదు.

"తప్పు మాదే గంగమ్మా. ఆ పొద్దు చెప్పకపోతి. నీ దగ్గర ఒప్పుకునేదానికి వచ్చినాను" అంది టీచరమ్మ.

గంగమ్మ నడుము ఎత్తి నిలబడింది. "నా ఇంటికొచ్చి నాకు సెప్తే ఏముంది టీచరమ్మా? నాకు తెలీదా నేను దొంగను కాదని? ఆ పొద్దు వరసలో ఉండినోళ్ళకి సెప్పు. వాళ్ళకి తెలీదు" అంది. చీపురు గోడకు ఆనించి లోపలికి పోయింది.

 మర్నాడు పన్నెండు గంటల కూత అయి, కూలివాళ్ళు భోజనానికి బయటికి వస్తున్నప్పుడు, టీచరమ్మ జిన్ను గేటు దగ్గర పత్తి నింపిన గోనె బోరాల మీదికి ఎక్కి నిలబడింది. నేను రోడ్డుకు అవతల ఉన్నాను. బడిలో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది.

"అమ్మల్లారా, ఒక్క నిముషం. ఓట్ల నాడు గంగమ్మ దొంగ ఓటు వేసేదానికి రాలేదు. తన ఓటు తను వేసేదానికే వచ్చింది. ఆమె పెనిమిటి పేరు తప్పు రాయించింది నేను. ఆ పొద్దు తప్పు నాదని తెలిసి కూడా నోరు మూసుకున్నది నేను. ఆమెను దొంగ అనేవాళ్ళు ఇంక నన్ను అనండి."

 నెత్తిన పత్తి నూగుతో ఆడవాళ్ళు నిలబడి విని, ఆకలి వేళ కాబట్టి కదిలిపోయారు. ఆ గుంపులో గంగమ్మ ఉందో లేదో నేను చూడలేదు. ఉందని తర్వాత తెలిసింది.

ఆ మాట పైకి పోయింది. సర్కారు పని చేస్తూ సర్కారు జాబితా తప్పని వీధిలో చెప్పినందుకు సంజాయిషీ అడిగారు. విచారణకు వచ్చిన అధికారి ఆ పేజీ తెరిచి, "ఇది ఎవరు రాసింది?" అన్నాడు. ఆ రాత నాది. నేను గది బయట బెంచీ మీద కూర్చుని వింటున్నాను. "నేను చెప్పింది. బాధ్యత నాది" అంది టీచరమ్మ. అతను మళ్ళీ అడగలేదు. నన్ను లోపలికి పిలవలేదు. నాకప్పుడు ఇద్దరు చిన్నపిల్లలు. నా అంతట నేను లేచి పోలేదు.

ఆమెను ఆలూరు వైపు ఒక పల్లె బడికి బదిలీ చేశారు. బస్సు ఎక్కించడానికి పోయాను. ఏదో చెప్పాలని మొదలుపెట్టాను. "ఇద్దరం పోతే ఆ పేరు సరిచేసే మనిషి ఈడ ఉండడు. నువ్వుంటే చేస్తావు" అంది. అంతే. మా మధ్య ఆ సంగతి మళ్ళీ రాలేదు.

సరిచేయడం అనుకున్నంత సులువు కాలేదు. టీచరమ్మ తన చేత్తో రాసి ఇచ్చిన దరఖాస్తు బళ్ళారికి పోయింది. అది అక్కడ ఉండగానే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని బళ్ళారిని వదిలి కర్నూలు జిల్లాలో కలిసింది. కాగితాలు కట్టలు కట్టలుగా బండ్ల మీద వచ్చాయి. ఆ కట్టల్లో గంగమ్మ దరఖాస్తు లేదు. టీచరమ్మ పల్లె నుంచి రెండుసార్లు వచ్చి నా పక్కన కూర్చుని వెతికింది. చివరికి కొత్తది రాసి ఇచ్చింది. దాన్ని చేతి నుంచి చేతికి నేనే నడిపించాను. అచ్చయి వచ్చిన జాబితాలో "గంగమ్మ, భర్త నరసింహులు" అని చూసినప్పుడు ఆమె నవ్వింది. "రాష్ట్రాన్నే మార్చేసిరి. ఒక ఆడమనిషి పెనిమిటి పేరు మార్చేదానికి మూడేండ్లు పట్టె" అంది.

రెండో ఎన్నికలకు ఆమెకు ఆలూరు తాలూకాలో పని పడింది. నేను మళ్ళీ జిన్నుల పేట గదిలోనే ఉన్నాను. గంగమ్మ రాలేదు. సాయంత్రం తలుపు మూసేదాకా ఆ పేరు పక్కన గీత పడలేదు. మర్నాడు టీచరమ్మకు కార్డు రాశాను. ఆమె జవాబు ఇంకా నా దగ్గర ఉంది. "రావడం రాకపోవడం ఆమె ఇష్టం. పేరు ఉండడం మన పని. మనం ఆమెను పిలవకూడదు" అని ఉంది అందులో.

గంగమ్మ కూతురు మాత్రం మళ్ళీ బడికి రాలేదు. టీచరమ్మ బదిలీ అయి పోయేముందు ఒకసారి అడిగింది, తర్వాత వేరే టీచర్లతో అడిగించింది. ఆ పిల్ల తల్లి వెంట జిన్నుకు పోవడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళకు పెళ్ళి చేశారు. ఇది రాయకుండా మిగతాది రాస్తే టీచరమ్మ ఒప్పుకోదు.

ఆమె రిటైరై ఎమ్మిగనూరులో తమ్ముడి ఇంటికి చేరింది. నేత మగ్గాల వీధి అది. అప్పటికి గంగమ్మ సంసారం కూడా ఎమ్మిగనూరికే మారింది. నరసింహులుకు అక్కడ పత్తి అంగడిలో పని దొరికింది. ఇద్దరిళ్ళ మధ్య రెండు వీధులు. కుళాయి దగ్గర ఎదురుపడేవారట, పలకరించుకునేవారు కాదట. మూడో ఎన్నికలకు పేర్లు రాస్తున్నారని తెలిసి, ఒక రోజు గంగమ్మే టీచరమ్మ ఇంటికి వచ్చింది. ఆ సంగతి టీచరమ్మ నాకు చెప్పింది.

"ఈ ఊర్లో నా పేరు రాపియ్యాల. నువ్వే రాయి" అందట గంగమ్మ.

"నేనా?"

"నువ్వే. మా ఆయన్ని పిల్చుకొచ్చినా. బయట ఉండాడు. ఆయప్పనే అడిగి రాసుకో."

టీచరమ్మ నరసింహులును కూర్చోబెట్టి, దరఖాస్తు రాసి, రెండుసార్లు చదివి వినిపించింది. గంగమ్మ మూడోసారి చదవమంది.

ఈసారి పార్లమెంటుకు మాత్రమే ఎన్నిక. ఆదోని పేరుతోనే నియోజకవర్గం ఏర్పడింది. మా ఊరివాళ్ళకు అదొక గొప్ప. నాకు ఎమ్మిగనూరులో పని వేశారు. పొద్దున్నే ఆడవాళ్ళ వరుసలో టీచరమ్మను చూసి లేచి నిలబడబోయాను. కూర్చోమని చెయ్యి ఊపింది. ఆమెకు అదే మొదటి ఓటు. రెండుసార్లూ వేరేచోట్ల పనిలో ఉండి తన ఓటు తను వేయలేదు. ఆమెకు ముందు నలుగురి అవతల గంగమ్మ ఉంది.

గంగమ్మ వంతు వచ్చింది. అడగడం నా పని కాబట్టి అడిగాను. "పేరు?"

"గంగమ్మ."

"భర్త పేరు?"

అక్కడ కూర్చున్న ఏజెంటు ఒకడు, ఆడవాళ్ళు ఎలాగూ చెప్పరని అలవాటైనవాడు, సాయం చేయబోయాడు. "నేను చెప్తా సార్, ఆయప్ప..." అన్నాడు.

"నువ్వు ఊరుకోప్పా" అంది గంగమ్మ. నా వైపు తిరిగింది. "నరసింహులు" అంది.  వరుస చివరిదాకా వినపడేటట్లు మళ్ళీ అంది. "నరసింహులు. నరసింహులు పెండ్లాన్ని నేను."

వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలామె "అయ్యో, అనేసెనే!" అంది. గంగమ్మ ముఖం ఎర్రబడింది. సిరా పెట్టించుకుని, చీటీ తీసుకుని, ఎవరినీ చూడకుండా తెర వెనక్కి పోయింది. నేను జాబితాలో గీత గీశాను. 

టీచరమ్మ వచ్చినప్పుడు ఆమెను కూడా అడిగాను, పేరు, తండ్రి పేరు. పాఠం అప్పగిస్తున్నట్లు చెప్పింది. తెర వెనక చాలాసేపు ఉంది. ప్రిసైడింగు ఆఫీసరు నా వైపు చూశాడు. బయటికి వచ్చాక నా బల్ల దగ్గర వంగి, "ఎన్ని పెట్టెలకు గుర్తులు అతికించినామో అప్పా. లోపల ఒక్కదాన్నే నిలబడితే ఇంత నిమ్మళంగా ఉంటుందని ఎప్పుడూ తెలీలేదు" అని చెప్పి వెళ్ళింది.

భోజనం వేళ బయటికి వస్తే, ఇద్దరూ బడి ప్రహరీ నీడన కూర్చుని ఉన్నారు. గంగమ్మ కొంగులో నుంచి బొరుగులు తీసి ఇస్తోంది. తింటున్నారు. నేను పక్కకు తప్పుకుని పోయాను.

మట్టి చేసే రోజు పొద్దున మొదటి బస్సుకే ఎమ్మిగనూరు చేరాను. ఆదోని నుంచి ఆమె దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు పదిమంది దాకా అదే బస్సులో వచ్చారు. గంగమ్మ, నరసింహులు ముందే అక్కడ ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక శవపెట్టెను మేం భుజాలకు ఎత్తుకున్నాం. నరసింహులు నాకు ఎదురు భుజం.

వీధిలోకి వచ్చేసరికి దారి లేదు. నేతగాళ్ళు మగ్గానికి ఎక్కించే పడుగును తెల్లవారే వీధి పొడవునా సాచారు. ఈ చివర నుంచి ఆ చివరదాకా వందల దారాలు, అప్పుడే గంజి పట్టించి తడి తడిగా ఉన్నాయి. ఆ స్థితిలో చుట్టలేరు, కింద పెట్టలేరు. మేం ఆగిపోయాం. ఎవరో ఒకతను "ఎత్తండప్పా" అన్నాడు. పడుగుకు రెండు పక్కలా ఉన్న మగవాళ్ళు, ఆడవాళ్ళు, అరుగుల మీద నుంచి దిగి వచ్చినవాళ్ళు అందరూ దాని కిందికి చేతులు పెట్టారు. ఒక్కసారిగా తలల మీదికి ఎత్తి పట్టుకున్నారు. మేం పెట్టెను భుజాల నుంచి నడుము దాకా దించుకుని, వంగి, ఆ తెల్లటి దారాల కింద నుంచి మెల్లగా నడిచాం. ఎండ ఆ దారాల్లో నుంచి పడుతోంది. గంజి బొట్లు బొట్లుగా పెట్టె మీద, మా వీపుల మీద రాలుతోంది. వీధి చివరదాకా ఒక్క చెయ్యి కూడా దిగలేదు.